చెవితో తిప్పే స్క్రూ

డోర్నకల్ నుంచి వచ్చే పట్టాలు కారేపల్లి జంక్షన్ దగ్గర రెండుగా చీలతాయి. ఒకటి ఇల్లందుకు పోతుంది, ఇంకోటి కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌కు. బొగ్గు కోసం పడిన దారులివి. సింగరేణి బొగ్గు గనుల పేరు కూడా ఇక్కడి ఊరిదే. రైలు దిగాక తండాకో గూడేనికో చేరాలంటే మాత్రం బండే దిక్కు. పురుగుమందు డబ్బాలు, మిర్చి బస్తా, బడికి పోయే పిల్లలు, జ్వరంతో మూలుగుతున్న ముసలమ్మ, అన్నిటినీ అందరినీ మోసేది ఆ వంద సీసీ బండే. దానికి పోసే పెట్రోలు చాలాసార్లు కిరాణా కొట్టు ముందు బల్ల మీద సీసాల్లో ఉంటుంది.

ఆ సీసాను ఒకసారి వెలుతురుకు ఎత్తి చూడండి. అడుగున సన్నటి నలుసులు కదులుతాయి. వానాకాలమైతే ఒక్కోసారి నీటి బొట్టు కూడా. అవన్నీ ట్యాంకులోంచి జారి కార్బరేటర్ గిన్నెలో చేరతాయి. పొద్దున్నే కిక్ కొట్టీ కొట్టీ కాలు పడిపోయి, ఇక బండి పని అయిపోయిందని అమ్మకానికి పెట్టినవాళ్లను నేను చూశాను. ఆ బండ్లలో చాలావాటికి ఇంజిన్ నిక్షేపంగా ఉంది. చిన్న ఇత్తడి జెట్టులో, మిల్లీమీటరులో మూడో వంతు పైచిలుకు ఉండే రంధ్రం పూడుకుపోయింది, అంతే. ఇంటి అరుగు మీద గంట కూర్చుంటే తీరే రోగం అది. ఆ గంట పనిని ప్రతి ఇంట్లో ఒకరన్నా నేర్చుకోవాలన్నది నా పట్టుదల.

కార్బరేటర్ చేసే పని వినడానికి చిన్నది. గాలి పోయే దారిని మధ్యలో ఇరుకు చేస్తే అక్కడ వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. కింద గిన్నెలో ఉన్న పెట్రోలు జెట్టు గుండా పైకి లేచి గాలిలో తుంపరలవుతుంది. జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ 1893లో గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టం కాసే ఫ్లోట్‌తో, జెట్టుతో ఇలాంటి కార్బరేటర్ చేశాడు. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 వంతుల గాలి కావాలి. లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి అన్నమాట. బండి తాగేది పెట్రోలు అనుకుంటాం గానీ నిజానికి గాలే. అందుకే మట్టి దారిలో తిరిగే బండికి ముందు చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్. ఆ తర్వాత ప్లగ్, టాపెట్లు. కార్బరేటర్‌ను అన్నిటికంటే చివర ముట్టుకోవాలి. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండగా స్క్రూలు తిప్పితే ఒక తప్పు మీద ఇంకో తప్పు పేర్చినట్టే.

కార్బరేటర్ విప్పేటప్పుడు ఆరుబయట కూర్చోండి. చుట్టుపక్కల పొయ్యి, బీడీ ఏమీ ఉండకూడదు. పెట్రోల్ కాక్ మూసి, గిన్నె కింది స్క్రూ వదులు చేసి, లోపలున్నది స్టీలు గిన్నెలోకి వంపాలి. తర్వాత తెల్లగుడ్డ పరిచి, విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరసలోనే దాని మీద పెట్టాలి. ఫ్లోట్‌ను పట్టి ఉంచే సన్నటి పిన్నును సుత్తితో కొట్టకండి, అది ఆనుకునే పోత లోహపు చెవులు పుటుక్కున విరుగుతాయి. ఫ్లోట్ నీడిల్ కొన చుట్టూ గాడి పడితే దాన్ని మార్చాల్సిందే. గిన్నె నిండి పెట్రోలు బయటికి కారడానికి ఎక్కువసార్లు అదే కారణం.

జెట్ల విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. కుర్రతనంలో ఒక పాత ఆర్‌ఎక్స్ 100 బండి పైలట్ జెట్టును గుండుసూదితో పొడిచాను. ఇత్తడి మెత్తన, సూది ఉక్కు. కంటికి తెలియనంతగా రంధ్రం పెద్దదైంది. ఆ రోజు నుంచి బండి స్లోలో, అంటే రేస్ ఇవ్వనప్పుడు, గుడగుడలాడుతూ పొగ వదిలేది, ప్లగ్ నల్లబడేది. ఎన్ని స్క్రూలు తిప్పినా కుదరలేదు, కొత్త జెట్టు వేశాకే దారికొచ్చింది. జెట్టును క్లీనర్‌లో నానబెట్టి సైకిల్ పంపుతోనో పంక్చర్ షాపు గాలితోనో ఊదాలి, వెలుతురుకు పట్టి చూడాలి. రంధ్రం గుండ్రంగా, నిండు చందమామలా కనపడాలి. అప్పటికీ మురికి పోకపోతే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు చాలు. క్లీనర్ కొట్టే ముందు రబ్బరు ఓరింగులన్నీ తీసి పక్కన పెట్టండి, ఉబ్బిపోతాయి. ఇప్పుడు బంకు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలలకొద్దీ నడపని బండి గిన్నెలో పెట్రోలు వదిలేయకూడదు.

ఇక ట్యూనింగ్. ఈ పని చెవితో చెయ్యాలి.

బండిని ఒక పది నిమిషాలు తిప్పి ఇంజిన్ వేడెక్కనివ్వండి. స్లో కాస్త ఎక్కువ పెట్టండి. గాలి స్క్రూను నెమ్మదిగా లోపలికి, అడుగు తగిలేదాకా తిప్పుతూ ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టండి. గట్టిగా బిగిస్తే కొన దెబ్బతింటుంది. లెక్క రాసుకుని మళ్లీ అన్ని చుట్లూ వెనక్కి తిప్పండి. అక్కడినుంచి పావు చుట్టు చొప్పున జరుపుతూ వినాలి. ఒకచోట ఇంజిన్ గొంతు లేస్తుంది, అది దాటితే పడిపోతుంది. లేచిన చోటే ఆపి, స్లో స్క్రూను తగ్గించుకోవాలి. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే లోపలికి తిప్పితే పెట్రోలు పాళ్లు పెరుగుతాయి. ఇంజిన్ వైపు ఉంటే తగ్గుతాయి. ఈ తేడా తెలియక తిప్పినవాళ్లే ఎక్కువ.

పెట్రోలు ఎక్కువైతే శబ్దం బరువుగా, గొంతులో కఫం ఉన్నట్టు వస్తుంది. తక్కువైతే రేస్ వదిలాక శబ్దం వెంటనే దిగదు, కాసేపు పైనే వేలాడుతుంది, సైలెన్సర్‌లో టప్ టప్‌మంటుంది. అలా వేలాడితే మానిఫోల్డ్ రబ్బరు పగిలిందేమో కూడా చూడండి. సబ్బు నీళ్లు అద్దితే శబ్దం మారిందంటే గాలి అక్కడినుంచే దూరుతోంది. టూస్ట్రోక్ బండికి పెట్రోలు తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, కాబట్టి ఆ శబ్దాన్ని తేలిగ్గా తీసుకోకండి. రేస్ పిడికి కాగితం టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకుంటే ఇంకో మేలు. పావు లోపు తేడా అయితే పైలట్ జెట్టు, నడుమ అయితే రేస్‌తో లేచే స్లైడ్‌కు వేలాడే నీడిల్, ముప్పావు దాటాక అయితే మెయిన్ జెట్టు. నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి వేస్తే నీడిల్ లేచి పెట్రోలు పెరుగుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

ఒక కార్బరేటర్ సంగతే ఇంత ఉంటే, రెండున్న బండిని నిలబెట్టడం మరో మెట్టు. మన దేశంలో ఆ పాఠం నేర్పింది 1983లో ఎస్కార్ట్స్ తెచ్చిన రాజ్‌దూత్ 350. రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక కార్బరేటర్. మన జంక్షన్‌లో పట్టాల్లాగే రేస్ కేబుల్ ఒకటే వచ్చి చీలిపోతుంది, ఒక పాయ ఆయిల్ పంపుకు కూడా పోతుంది. ఒక స్లైడ్ ముందు లేచి రెండోది ఆలస్యమైతే ఒక సిలిండర్ లాగుతుంది, రెండోది వేలాడుతుంది. బండి వణుకుతుంది. ఫిల్టర్లు విప్పి, రెండు స్లైడ్ల కిందా ఒకే సైజు డ్రిల్ బిట్ల కాడలు దూర్చి, కేబుల్ అడ్జస్టర్లు సర్దాలి. రేస్ తిప్పిన క్షణాన రెండు కాడలూ ఒక్కసారే కింద పడాలి. తర్వాత స్లోలో రెండు సైలెన్సర్ల వెనకా చెరో అరచేయి పెట్టి పొగ తోపు సమానంగా ఉందా చూడాలి. చివరగా ఆయిల్ పంపు గుర్తు సరిచూడాలి. దాన్ని మరిచిపోతే అంతవరకు చేసిన పనంతా పిస్టన్‌కు ప్రాణాంతకం.

ఫోర్‌స్ట్రోక్‌లో పీలుపును కొలవచ్చు. 1969లో వచ్చిన హోండా సీబీ 750కి నాలుగు కార్బరేటర్లు. అలాంటి బండ్లకు గేజీలు కొనక్కర్లేదు, మన తాపీమేస్త్రీ దగ్గర ఉన్న లెవెల్ పైపు చాలు. గోడకు మట్టం చూసే ఆ పారదర్శకపు గొట్టాన్నే యు ఆకారంలో చెక్కకు కట్టి, నీళ్లకు బదులు టూటీ ఆయిల్ పోసి, రెండు కొసలనూ రెండు ఇన్‌టేక్‌లకు తగిలించాలి. పీలుపు ఎక్కువున్న వైపు ఆయిల్ ఎక్కుతుంది. అంటే ఆ కార్బరేటర్ రెండోదానికంటే ఎక్కువ మూసుకుని ఉందని. సర్దుతూ పోతే రెండు మట్టాలూ ఒకటవుతాయి. గొట్టం పొడవుగా ఉండాలి, ఆయిల్ జోరుగా ఎక్కితే వెంటనే ఇంజిన్ ఆపాలి. ఒకవేళ కాస్త లోపలికి పోయినా పొగై కాలిపోతుంది, అందుకే ఆయిల్. మేస్త్రీ సామాను ఇంత సూక్ష్మమైన పనికి సరిపోతుందని మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్లు పులకరించింది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లకు కార్బరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. పొగ తగ్గింది, మంచిదే. కానీ అంతకు ముందు కొన్న లక్షల బండ్లు ఇంకా ఈ దారుల్లోనే తిరుగుతున్నాయి, వాటిని కొత్తవాటితో మార్చుకునే స్తోమత అందరికీ లేదు. కార్బరేటర్‌పై చెయ్యి తిరిగిన మేస్త్రీలు ముసలివాళ్లవుతున్నారు. కుర్రాళ్లు స్కానర్ నేర్చుకుంటున్నారు. చీకటి పడ్డాక అడవి రోడ్డు మీద బండి ఆగితే, ఒక స్క్రూడ్రైవరూ పాత పంచె ముక్కా ఉన్న మనిషి ఇంటికి చేరతాడు.

తొలకరికి ముందు మా వాకిట్లో ఆ పని పెట్టుకుంటాను. పక్కింటి పిల్లాడు స్టీలు గిన్నె పట్టుకుంటాడు, నేను కింది స్క్రూ వదులు చేస్తాను. పెట్రోలు ధార ఆగాక వాడు గిన్నెను ఇటూ అటూ వంచుతాడు. అడుగున గుండ్రంగా, పాదరసంలా, నీటి బొట్టొకటి దొర్లుతుంది.

"ఇదేనా మామయ్యా, మొన్న కారేపల్లి గేటు కాడ మనల్ని ఆపింది?" అంటాడు.