చందాల ఎంపికలో రచయిత హక్కు

గ్రంథాలయానికి పత్రికలను ఎంపిక చేసేటప్పుడు రచయితల హక్కులను గ్రంథపాలకులు లెక్కలోకి తీసుకోవాలా? ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో పుస్తకం ఉంది, పాఠకుడున్నాడు, పెరిగే గ్రంథాలయం ఉంది. రచయిత ప్రసక్తి లేదు. రచయితకూ ప్రచురణకర్తకూ మధ్య ఒప్పందంతో గ్రంథాలయానికి పని లేదనేవారికి ఇది అనుకూలంగా తోస్తుంది. కాని పాఠకుడి ప్రయోజనాన్నే గీటురాయిగా తీసుకున్నా ఆ వాదం నిలవదని మా అభిప్రాయం.

వేలూరు ప్రాంతాన్నే చూద్దాం. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రిమండలి ఆమోదించిన 'ఒకే దేశం, ఒకే చందా' పథకం 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలకు మూడేళ్ళకు రూ. 6,000 కోట్లు కేటాయించింది. అది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు ఉద్దేశించినది. గుడియాత్తంలోని తిరుమగళ్ మిల్స్ కళాశాల ప్రభుత్వానిది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ప్రైవేటుది. ఏ సంస్థలోనూ లేని గుడియాత్తం బడిపంతులు సంగతేమిటి? రచయిత తన వ్యాసాన్ని అందరికీ అందుబాటులో ఉంచే హక్కు నిలుపుకొంటేనే అది ఆయనకు ఉచితంగా చేరే అవకాశం ఉంటుంది. కనుక రచయిత హక్కు పాఠకుడికి పరాయి విషయం కాదు.

అయితే ఒప్పందపత్రం లేని పత్రికలను తిరస్కరించాలనడం పొరపాటు. తెలుగు చిన్నపత్రికలు చాలావరకు రచయితచేత ఏ కాగితం మీదా సంతకం చేయించుకోవు. 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం రాతపూర్వకమైన, సంతకం చేసిన పత్రం లేనిదే హక్కుల బదలాయింపు చెల్లదు. 'సర్వహక్కులూ పత్రికవే' అని అచ్చువేసినంత మాత్రాన సరిపోదు. పత్రం ఉన్నా గడువు చెప్పకపోతే అయిదేళ్ళు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం మాత్రమే దాని పరిధి. అంటే బీదపత్రిక మౌనం రచయితకు మేలు చేస్తుంటే, సంపన్నపత్రిక పకడ్బందీ ఒప్పందం అతని చేతులు కట్టివేయగలదు.

కాబట్టి పాఠకుల అవసరమే మొదటి ప్రమాణం కావాలి. అవసరమైన పత్రికను హక్కుల పేరిట మానుకుంటే శిక్ష పాఠకుడికే పడుతుంది. రెండు పత్రికలు సమానంగా తోచినప్పుడు మాత్రం రచయితకు హక్కు మిగిల్చినదానివైపే మొగ్గాలి. చందా పంపే ఉత్తరంలోనే రచయితతో ఒప్పందం ఎలాంటిదో అడగవచ్చు. అడిగే గ్రంథాలయాలు పెరిగితే జవాబు చెప్పక తప్పని స్థితి ప్రచురణకర్తలకు వస్తుంది.