మన డాబా మీది లెక్క మన ఇంట్లోనే

డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్న ఇంట్లో ఇన్వర్టర్ అడుగున చిన్న ప్లాస్టిక్ డాంగిల్ ఒకటి బిగించి ఉంటుంది. ఎంత కరెంటు తయారవుతోందో అది ఇన్వర్టర్‌ను అడిగి తెలుసుకుని, ఇంటి వైఫై మీదుగా కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. యాప్ తెరిస్తే అదే లెక్క ఆ సర్వర్ నుంచి మన ఫోనుకు తిరిగొస్తుంది. గోడ మీది యంత్రానికీ, ఎదుట నిలబడ్డ యజమానికీ మధ్య ఈ చుట్టుతోవ అక్కర్లేదు. నెట్ పోతే, సర్వర్ ఆగితే, కంపెనీ మూతపడితే సొంత యంత్రం సంగతి సొంతదారుకే తెలియకుండా పోతుంది. అందుకే కొందరు ఆ డాంగిల్ మాట్లాడే తీరును విప్పి చూసి, లెక్కను ఇంట్లోనే పట్టుకుంటున్నారు. ఇలా విప్పి చూడటాన్నే రివర్స్ ఇంజినీరింగ్ అంటారు. ఆ మాట అనగానే అదేదో దొంగపని అన్న అనుమానం చాలామందికి ఉంది. నా మటుకు అది తన వస్తువును తాను చదువుకునే విద్య, గౌరవించాల్సిన విద్య.

ఇందులో రహస్యం అనుకున్నంత లోతుగా ఉండదు. చాలా ఇన్వర్టర్లు లోపల మాట్లాడేది మోడ్‌బస్. మోడికాన్ సంస్థ 1979లో ఫ్యాక్టరీ యంత్రాల కోసం ప్రకటించిన పద్ధతి అది. ఫలానా నంబరు రిజిస్టర్‌లో ఏముందని అడిగితే రెండు బైట్ల సంఖ్య జవాబుగా వస్తుంది. సోలార్‌మ్యాన్ తరహా డాంగిళ్లలో చాలావాటికి ఇంటి నెట్‌వర్క్‌లోనే 8899 పోర్టు తెరిచి ఉంటుంది. అక్కడ నడిచే ప్రతి సందేశం, హెక్సాడెసిమల్ లెక్కలో రాస్తే, ఎ5 అనే బైట్‌తో మొదలై 15తో ముగుస్తుంది. మధ్యలో డాంగిల్ సీరియల్ నంబరు, దాని వెనక ఆ పాత మోడ్‌బస్ ప్రశ్నే ఉంటాయి. అసలు పనితనం ఆ తర్వాత మొదలవుతుంది. జవాబులో 09 00 అని వచ్చిందనుకోండి, ఇదీ హెక్సాడెసిమల్ లెక్కే. దశాంశంలో అది 2304. అదే క్షణంలో ఇన్వర్టర్ తెర మీద వోల్టేజి 230.4 అని ఉంటే, ఈ రిజిస్టర్ దేనిదో, పదితో భాగించాలన్న సంగతీ తేలిపోతాయి. 13 88 అంటే 5000, బహుశా 50.00 హెర్ట్జ్. బ్యాటరీ కరెంటు 65436 అని కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, రెండు బైట్లలో రుణసంఖ్య అలాగే కనిపిస్తుంది, అది మైనస్ 100. బహుశా అన్నది కావాలనే అన్నాను. ఒక్కసారి సరిపోలితే చాలదు. పొద్దున, మిట్టమధ్యాహ్నం, చీకటిపడ్డాక కూడా ఆ అంకె తెర మీది అంకెతో పాటే కదిలితేనే నమ్మాలి. ఊహను యంత్రం చేతనే ఒప్పించుకునే ఈ ఓపికలో నాకు శాస్త్రీయ దృష్టి కనిపిస్తుంది.

యాప్ ఉండగా ఇంత శ్రమ ఎందుకంటారా? చాలా డాంగిళ్లు సర్వర్‌కు లెక్క పంపేది అయిదు నిమిషాలకోసారి. ఎండ మండే వేళ వీధిలో ఇళ్లన్నీ కరెంటును లైనులోకి వదులుతుంటే వోల్టేజి పెరుగుతుంది. హద్దు దాటగానే ఇన్వర్టర్ తనంతట తానే లైను నుంచి విడిపోయి, కొంతసేపు ఆగి మళ్లీ కలుస్తుంది. ఇదంతా రెండుసార్లు లెక్క పంపే నడుమ జరిగిపోతే యాప్‌లో ఆనవాలు కనిపించకపోవచ్చు, నెలాఖరున యూనిట్లు మాత్రం తగ్గుతాయి. నెట్ మీటరు యూనిట్ల లెక్క కూడా ఈ సంగతి చెప్పదు, అందులో ఉండేది లోపలికి వచ్చినదీ బయటికి వెళ్లినదీ మాత్రమే. కొన్ని సెకన్లకోసారి ఇంట్లోనే నమోదైన వోల్టేజి పట్టిక చేతిలో ఉంటే డిస్కం ఆఫీసులో ఆధారంతో మాట్లాడొచ్చు.

క్లౌడ్ మీదే ఆధారపడటంలో ఇంకో ప్రమాదం ఉంది. 2024 నవంబరులో అమెరికాలో డెయే కంపెనీ ఇన్వర్టర్లు కొన్ని ఉన్నట్టుండి ఆగిపోయి, అక్కడ వాడేందుకు అనుమతి లేదన్న సందేశం చూపాయి. ఆ ఏడాది ఆగస్టులోనే బిట్‌డిఫెండర్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు సోలార్‌మ్యాన్, డెయే క్లౌడ్‌లలో ఇతరుల ఖాతాల్లోకి చొరబడే వీలున్న లొసుగులను బయటపెట్టారు. వాటిని తర్వాత సరిచేశారు. అయినా ఎక్కడో ఉన్న సర్వర్ మన యంత్రాన్ని ఆపగలదన్న సంగతి మారలేదు.

ఇలా విప్పి చూడటం చట్టవిరుద్ధం కాదా అన్నది మొదటి అభ్యంతరం. మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్‌కు 1999 సవరణతో చేరిన మినహాయింపు ఒకటుంది. ఒక ప్రోగ్రామ్ మరోదానితో కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం మరోలా సులువుగా దొరకనప్పుడు, ఆ ప్రోగ్రామ్‌ను చట్టబద్ధంగా పొందినవారు ఆ సమాచారం రాబట్టడానికి కావలసిన పని చేసుకోవచ్చు. రెండో అభ్యంతరం బరువైనది, దాన్ని తోసిపుచ్చను. మోడ్‌బస్‌లో చదవమనే ఆదేశాల్లో ఒకటి 03, రాయమనే వాటిలో ఒకటి 06. తేడా ఒక్క బైటే. వోల్టేజి హద్దులనూ, కరెంటు పోగానే లైను నుంచి తప్పుకునే రక్షణనూ ఎవరైనా తెలిసీ తెలియక మారిస్తే, స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. కాబట్టి మన ప్రోగ్రామ్‌లో రాయమనే ఆదేశం ఏదీ ఉండనే కూడదు, చదవడంతోనే ఆగాలి. ఆ 8899 పోర్టుకు చాలాచోట్ల పాస్‌వర్డ్ కూడా ఉండదు. దాన్ని బయటి ఇంటర్నెట్‌కు ఎన్నడూ తెరవకూడదు, డాంగిల్‌ను విడి వైఫైలో ఉంచడం మేలు. ఈ బలహీనత విప్పి చూసినవాళ్లు పుట్టించింది కాదు. వాళ్లు చూడబట్టే మనకు తెలిసింది.

కంపెనీలే రిజిస్టర్ పట్టికను ప్రచురిస్తే ఈ విప్పదీతతో పనే ఉండదు. ఇన్వర్టర్లన్నీ ఒకే తీరున జవాబిచ్చేలా సన్‌స్పెక్ ప్రమాణం ఇప్పటికే ఉంది, దాన్ని పాటించే సంస్థలూ ఉన్నాయి. పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. ఆ కోటిలో మీరూ ఉంటే, అడ్వాన్సు ఇచ్చే ముందే ప్యానెళ్లు బిగించేవారిని రెండు ప్రశ్నలు అడగండి: నెట్ లేకుండా ఇంట్లోనే లెక్క చదువుకునే వీలుందా, రిజిస్టర్ పట్టిక ఇస్తారా? జవాబు కాగితం మీద తీసుకోండి.