యంత్రం మాట్లాడే తెలుగు ఎవరిది?

కథను, కవితను, నవలను విమర్శకు పెడతాం. కంప్యూటరు తెరమీద కనిపించే నాలుగు ముక్కల్ని విమర్శించడమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. కాని ఈనాడు పుస్తకం ముట్టని మనిషి కూడా రోజూ చదివే తెలుగు ఆ నాలుగు ముక్కలే. రైతు తన భూమి వివరాలు చూసుకునే చోట, విద్యార్థి దరఖాస్తు పెట్టుకునే చోట, కూలీ తన ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసుకునే చోట యంత్రమే మాట్లాడుతుంది. అది ఏ తెలుగులో మాట్లాడుతోందన్నది సాహిత్య ప్రశ్న. ఆ మాటను దిద్దే హక్కు ఎవరి చేతిలో ఉందన్నది ఆస్తి సంబంధాల ప్రశ్న. ఈ రెండింటినీ విడదీసి చూడటంవల్లనే మన రచయితలు ఈ రంగాన్ని మొత్తంగా ఇంజనీర్లకు వదిలేశారు.

ఆస్తి ప్రశ్నకు ఒక జవాబు 1983లోనే వచ్చింది. యంత్రానికి మనిషి రాసిచ్చే మూలరచనను, అంటే సోర్స్ కోడ్‌ను, కంపెనీలు తాళం వేసి దాచుకోవడాన్ని ధిక్కరించి అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. వాడుకోవడం, లోపలికి చూసి మార్చుకోవడం, పంచిపెట్టడం, మార్చినదాన్ని కూడా పంచిపెట్టడం అనేవి ఇందులోని నాలుగు స్వేచ్ఛలు. 1989లో వచ్చిన జి.పి.ఎల్. అనే లైసెన్సు వీటికి చట్టరూపమిచ్చింది. తీసుకున్నవాడు తిరిగి పంచేటప్పుడు అవే స్వేచ్ఛలు ఇతరులకూ ఇచ్చితీరాలన్నదే దాని కీలకం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ మరుసటి ఏడు ఈ గొడుగు కిందికి వచ్చింది. 1998లో దీనికే 'ఓపెన్ సోర్స్' అని మరో పేరు పెట్టారు. ఈ పేరుమార్పు అమాయకమైనది కాదు. స్వేచ్ఛ అన్న మాట వ్యాపారికి మింగుడుపడదు. తెరిచిపెట్టిన సరుకు అంటే సులువుగా దిగుతుంది. 2019లో ఐ.బి.ఎం. కంపెనీ రెడ్ హ్యాట్‌ను 3,400 కోట్ల డాలర్లకు కొన్నదంటే, ఎందరో ఉచితంగా చేసిన శ్రమ మీద ఎంత పెద్ద మేడ లేచిందో ఊహించుకోవచ్చు.

తెలుగువాళ్లు ఈ ఉద్యమానికి దూరంగా ఏమీ లేరు. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది. పిల్లల కోసం బాలస్వేచ్ఛను తెచ్చింది. 2006లో వీవెన్ లేఖినిని అందించాడు. కీబోర్డు తెలియనివాళ్లు కూడా ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాయగలిగారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేది మీడియావికీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదనే. జీతం లేకుండా, పేరు కూడా ఆశించకుండా రాత్రిళ్లు కూర్చుని చేసిన పని ఇది. దాన్ని గౌరవిస్తూనే విమర్శించాలి.

ముందు మంచి చూద్దాం. వికీపీడియాలో అందరూ చేరి మాట్లాడుకునే చోటుకు 'రచ్చబండ' అని పేరు పెట్టారు. ఇంకా ఎదగని చిన్న వ్యాసాన్ని 'మొలక' అన్నారు. ఒక పేరు నుంచి మరో పేరుకు పంపే పేజీని 'దారిమార్పు' అన్నారు. ఇంగ్లీషు మాటను పక్కన పెట్టి పనిని చూసి పెట్టిన పేర్లివి. ఏ కవి అయినా అసూయపడవలసినవి. అదే చేతులు అదే చోట యంత్రం తీరును మనకు నచ్చినట్టు మార్చుకునే పేజీకి 'అభిరుచులు' అని పెట్టాయి. సంగీతమో చిత్రలేఖనమో అడుగుతారనుకుంటాడు చదివేవాడు! కొత్తవాళ్లు రాసి చూసుకునే చోటును ఇంగ్లీషువాళ్లు ఇసుకగుంట అంటే మనవాళ్లు 'ప్రయోగశాల' అన్నారు. ఇసుకలో ఓనమాలు దిద్దిన జాతికి ఈ గాజుగొట్టాల మాట ఎందుకొచ్చింది? పాస్‌వర్డ్ 'సంకేతపదం' అయింది. మా ఊళ్లో 'పాస్‌వర్డ్ కొట్టు' అననివాడు లేడు.

విడి మాటలు అరిగి అలవాటవుతాయి, వాటితో పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమంతా వాక్యంతోనే. 'అనుమతి నిరాకరించబడినది', 'దస్త్రం తెరువబడలేదు', 'మీ అభ్యర్థన స్వీకరించబడినది'. ఏ ఇంట్లో, ఏ సంతలో విన్నాం ఈ 'బడు'ని? తహసీల్దారు కచేరీ నోటీసులో విన్నాం. నిరాకరించింది ఎవరో చెప్పకుండా నిరాకరణను మాత్రం చెప్పే వ్యాకరణం అధికారానికి ఎప్పుడూ ప్రియమైనదే. 'ఈ ఫైలు చూడటానికి మీకు అనుమతి లేదు, నడిపేవారిని అడగండి' అంటే మనిషికి ఒక దారి దొరుకుతుంది. గిడుగు రామమూర్తి గ్రాంథికంతో చేసిన పోరాటం బడిపుస్తకాల్లో గెలిచి, నూరేళ్ల తర్వాత తెరమీద మళ్లీ మొదటికొచ్చింది.

దీనికి మూలం అనువాదకుడి అభిరుచిలో మాత్రమే లేదు, యంత్రం నిర్మాణంలోనూ ఉంది. సాఫ్ట్‌వేర్ వాక్యాలు ఖాళీలతో పుడతాయి. ఇంగ్లీషులో ఆ ఖాళీలో ఏ ఊరి పేరు వేసినా వాక్యం చెడదు. తెలుగులో విభక్తి పేరును అంటుకుంటుంది, పేరు రూపాన్నే మారుస్తుంది. నేనీ వ్యాసం రాస్తున్న ఎర్రుపాలెం కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో ఉంది. ఇక్కడ ఎవరైనా 'ఎర్రుపాలేనికి' వస్తారు, 'మధిరకు' పోతారు, 'ఖమ్మానికి' టిక్కెట్టు కొంటారు. ఖాళీ నింపే యంత్రం మాత్రం 'ఎర్రుపాలెం కు' అంటుంది. తాళం వేసిన సాఫ్ట్‌వేర్‌లో ఈ 'కు'ను చూసి నవ్వుకోవడం తప్ప చేయగలిగింది లేదు. మీడియావికీలో అయితే ఫిన్నిష్‌లాంటి విభక్తి భాషలకోసం పదరూపాన్ని మార్చే ఏర్పాటు ఉంది. ఆ కోడ్ ఎవరైనా చదవవచ్చు. ఏ నామం ఎక్కడ ఎలా మారుతుందో చెప్పవలసినవాడు తెలుగు ఎం.ఏ. విద్యార్థి. అతను వ్యాకరణాన్ని పరీక్షలో అప్పజెప్పి మరిచిపోతున్నాడు.

2018 ఫిబ్రవరిలో జరిగిన ఉదంతం మన పత్రికల్లో వింతవార్తగా వచ్చి పోయింది. 'జ్ఞా' అనే అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి వస్తే ఐఫోన్లలో సందేశాలు తెరిచే అప్లికేషన్లు కుప్పకూలేవి. ఆ నెల 19న ఆపిల్ సవరణ విడుదల చేసేదాకా తెలుగువాడి సంయుక్తాక్షరం ప్రపంచం దృష్టిలో ఒక తుంటరి ఆయుధం. లోపల ఏం తప్పిందో చూసే హక్కు ఆ అక్షరం సొంతదారులకు లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో తప్పులుండవని కాదు. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.లోనిదే. లోకమంతా వాడుకునే ఆ పనిముట్టును చూసుకోవడానికి గుప్పెడుమంది కూడా లేరని అప్పుడే తెలిసింది. అయితే అక్కడ తప్పును బయటివాళ్లు వెతికి పట్టుకోగలిగారు.

మళయాళీలు ఏం చేశారో చూడండి. టైపురైటరుకు సరిపోవాలని 1971లో వాళ్ల లిపిని కుదించారు. ఆ కుదింపును ఎదిరిస్తూ 1999లో రచన అక్షరవేది ఏర్పడింది. దాన్ని నడిపిన ఆర్. చిత్రజకుమార్ భాషాసంస్థలో పనిచేసినవాడు. అక్షరాలు గీసిన కె.హెచ్. హుసేన్ అటవీ పరిశోధనా సంస్థ గ్రంథాలయంలో ఉద్యోగి. వాళ్ల రచన ఫాంటు తర్వాత స్వేచ్ఛా లైసెన్సు కిందికి వచ్చింది. యంత్రానికి సరిపడేట్టు భాషను నరకడం కాదు, భాషకు సరిపడేట్టు యంత్రాన్ని మలచాలని పట్టుబట్టింది భాషవాళ్లే. మన వైపు, సమసమాజం గురించి రాసిన పుస్తకాలు కూడా ఇంగ్లీషు సంకేతాల మీద తెలుగు ముక్కలు అతికించిన డీటీపీ ఫాంట్లలో ఇరుక్కున్నాయి. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే పిచ్చిగీతలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుండగా మన సంచికల్లో ఒక కవి పేరు వెతుక్కునే వీలు లేకపోవడానికి ఏ బహుళజాతి కంపెనీని నిందిద్దాం?

ఇంకో మాట. ఖమ్మం దాటి భద్రాచలం అడవివైపు వెళితే ఈ ప్రశ్న మరో రూపం తీసుకుంటుంది. గోండి లిపులు రెండు 2017లో ఒకటి, 2018లో ఒకటి యూనికోడ్‌లో చేరాయి. కోయభాషను మాత్రం తెలుగు లిపిలోనూ రాస్తున్నారు. కాబట్టి తెలుగు కోసం స్వేచ్ఛగా వదిలిన ప్రతి ఫాంటూ, ప్రతి కీబోర్డూ కోయవాళ్లదీ అవుతుంది. కొనేవాళ్లు ఎందరని కంపెనీ అడుగుతుంది. ఇక్కడ కావలసింది కూర్చుని అనువదించే ఇద్దరు ముగ్గురు. గిడుగు సవర నేర్చుకుని సవర పుస్తకాలు రాసినవాడు. రేపు ఒక కోయ ఉపాధ్యాయుడు మన తెలుగు మెనూను ఎదురుగా పెట్టుకుని తన భాషలోకి మార్చబోతే, అందులో 'నిరాకరించబడినది' అని ఉంటే, దానికి తన భాషలో ఏ మాట వెతుక్కుంటాడు?