సీసాలో ముక్క

కిందటి నెల ఒకమ్మాయి మూడు గంటలు బస్సులో కూర్చుని, వాళ్లమ్మకు తీసిన రొమ్ము గడ్డను సీసాలో తెచ్చింది. "ఒళ్లోంచి దించలేదు మేడమ్" అంది. మూత తీశాను. ఫార్మలిన్ ఘాటు ముక్కుకు తగల్లేదు. ఆపరేషన్ చేసిన చోట సెలైన్‌లో వేసి పంపారు. నాకు గుండె జారింది.

ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పే బయోమార్కర్లను మేం, పాథాలజిస్టులం, ఆ ముక్కలోనే వెతుకుతాం. రంగు పరీక్షలో కణాల్లో ఒక్క శాతానికి కేంద్రకం గోధుమరంగు తిరిగినా ఈఆర్ (ఈస్ట్రోజన్ రిసెప్టర్) పాజిటివ్ కిందే లెక్క. టామోక్సిఫెన్ లాంటి హార్మోన్ మాత్రల దారి తెరుచుకుంటుంది. హెర్-2 అనే ప్రోటీన్ కణం అంచున గీతలా కనిపిస్తుంది. పది శాతానికి మించిన కణాల చుట్టూ ఆ గీత తెగకుండా, ముదురుగా ఉంటే 3+. 1998లో అమెరికాలో హెర్-2 మీద పనిచేసే మందు ట్రాస్టుజుమాబ్‌కు అనుమతి వచ్చేదాకా అది చెడ్డ కబురే. గీత దాదాపు లేని 0, లేత గీత ఉన్న 1+ రెండింటినీ ఏళ్ల తరబడి నెగటివ్ అని ఒకే గాటన కట్టాం. 1+ వాళ్లలోనూ ముదిరిన జబ్బుకు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ పనిచేస్తుందని 2022లో తేలాక, ఆ లేత గీత కోసం కళ్లు చికిలించి చూస్తున్నాం.

కొత్త మార్కర్ల మీద పరిశోధన ఎంత జరిగినా, ముక్క పాడైతే అన్నీ వృథా. తీసిన గంటలోపు, రసాయనం లోపలికి ఇంకేలా గడ్డను కోసి ఫార్మలిన్‌లో వేయాలి. ఆరు గంటలకు తగ్గకుండా, డెబ్బై రెండు దాటకుండా ఉంచాలి. ఆలస్యమైతే ప్రోటీన్లు చెడిపోతాయి. ఉన్న ఈఆర్ లేనట్టు కనిపిస్తుంది.

ఆ తల్లి స్లైడులో ఈఆర్ సున్నా. గడ్డ పక్కనున్న మామూలు పాలనాళాలు చూశాను. వాటిలో కొన్ని కణాలైనా గోధుమరంగు తిరగాలి. ఒక్కటీ తిరగలేదు. అలాంటి సున్నాను నమ్మకూడదు. రిపోర్టు ఆపి, మొదట సూదితో తీసిన ముక్క తాలూకు మైనం బ్లాకు తెప్పించాను. దానిలో కణాలు చాలావరకు గోధుమరంగు తిరిగాయి. ఈఆర్ పాజిటివ్. ఇప్పుడామె హార్మోన్ మాత్రలు వాడుతోంది.

ఆపరేషన్ థియేటర్లో ఉండేవాళ్లకు నా విన్నపం: గడ్డ తీసిన టైము, ఫార్మలిన్‌లో వేసిన టైము, రెండూ సీసా మీద రాయండి. ఇంటివాళ్లూ ఆ మాట అడగండి. మైనం బ్లాకు ఎక్కడుందో కనుక్కుని పెట్టుకోండి.