అడుగున మిగిలింది

రెండు గిన్నెలు పెట్టుకుని మా అమ్మ బియ్యం గాలిస్తుంటే చూస్తూ పెరిగాను. బంగారం గాలించడమూ దాదాపు అదే పని. కాకపోతే అడుగున మిగిలింది మనం పారేస్తాం, గనివాళ్ళు దాచుకుంటారు. ఇసుక నీటికి మూడు రెట్లు కూడా బరువుండదు, బంగారం పందొమ్మిది రెట్లు. పళ్ళెం వంచి తిప్పుతుంటే ముందు మన్ను పోతుంది, తర్వాత ఇసుక పోతుంది, చివరికి నల్ల ఇసుక చారలో పసుప్పచ్చ నలుసులు తేలతాయి. తేలితే!

అలాస్కాలో, కెనడా సరిహద్దు దగ్గర, యూకాన్ నది ఒడ్డున ఈగిల్ అనే ఊరు ఈ పళ్ళేల చుట్టూ పుట్టింది. అక్కడ పైపొర కింద నేల చాలాచోట్ల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. చలికాలంలో గోతిలో కట్టెలు పేర్చి రాత్రంతా మంట వేసేవారు. పొద్దున్నే కరిగినంత మన్ను తవ్వి, చేదతో పైకి లాగి కుప్ప పోసేవారు. మంచు కరిగి వాగు పారితే గానీ ఆ కుప్ప కడగలేరు. అన్నాళ్ళు ఆగలేనివాళ్ళు గుడిసెలోనే పొయ్యి మీద మంచు కరిగించి, తొట్టిలో ఒక పళ్ళెం గాలించి చూసుకునేవారు. ఆశ అంటే అదీ!

1901లో ఈగిల్‌కు పురపాలక హోదా వచ్చింది. 1905 డిసెంబరులో ధ్రువ అన్వేషకుడు అముండ్‌సెన్ కుక్కల బండితో వచ్చి, వాయవ్య సముద్రమార్గం దాటానన్న తంతి ఇక్కడినుంచే కొట్టాడు. అప్పటికే జనం నోమ్‌కూ, ఫెయిర్‌బ్యాంక్స్‌కూ కొత్త బంగారం వెంట పరుగెత్తుతున్నారు. ఇప్పుడు ఊళ్ళో వంద మంది కూడా లేరు. చలికాలంలో రోడ్డు మూసేస్తారు.

నాకు మాత్రం ఈ చరిత్రలో అముండ్‌సెన్ కంటే సామన్ చేపలు ఎండబెట్టే పందిళ్ళే ముఖ్యం. పక్కనే ఉన్న హాన్ తెగవాళ్ళు బంగారానికి ముందూ ఇక్కడివాళ్ళే, తర్వాతా ఇక్కడివాళ్ళే. గనివాళ్ళు పళ్ళెంలోని మన్ను పారబోసిన నదిలోనే వాళ్ళకు ఏడాది తిండి దొరికేది. 2009లో మంచుగడ్డలు అడ్డుపడి వచ్చిన వరద వాళ్ళ పాత పల్లెను తుడిచిపెట్టినా వాళ్ళు ఈ ప్రాంతం వదల్లేదు. ఇప్పుడు ఆ సామన్ చేపలే సరిగా రావడం లేదు. యూకాన్‌లో చినూక్ సామన్ వేటను ఏడేళ్ళపాటు ఆపాలని 2024లో అలాస్కా, కెనడా ఒప్పందం చేసుకున్నాయి.