పిట్టగోడ మీది నుంచి పాతబస్తీ: నగర దృశ్యం – చూపు – తెలుగు సాహిత్యం

ప్రవేశిక

తెలుగు కావ్య సంప్రదాయంలో నగరం ముందుగా తన ఎత్తుతో పరిచయమవుతుంది. అష్టాదశ వర్ణనల్లో ఒకటైన పురవర్ణనకు ఆకాశాన్నంటే మేడ దాదాపు తప్పనిసరి. 'మనుచరిత్ర' ఆరంభంలో అల్లసాని పెద్దన వర్ణించిన అరుణాస్పదపురంలో కోట ఆకాశాన్ని ముద్దాడుతుంది. సౌధాల సున్నపు కాంతి చంద్రబింబంలోని జింకను సైతం తెల్లబరుస్తుంది. ఈ అతిశయోక్తిలో చూసేవారి స్థానం గమనించదగినది. ఇక్కడ చూపు నేల మీద నిలిచి పైకి సాగుతుంది. మేడను కొలవడానికి ఆకాశమే కొలబద్ద.

నేటి మహానగరంలో ఈ స్థానం తలకిందులైంది. గచ్చిబౌలి, హైటెక్ సిటీ ప్రాంతాల్లో భవనాల పై అంతస్తుల మీద వెలసిన బార్లు పానీయంతో పాటు దీపాల నగరాన్ని కూడా అమ్ముతున్నాయి. పాతబస్తీలో ఈ ధోరణి వేరొక రూపం తీసుకున్నది. చార్మినార్ పరిసరాల్లోని మిద్దెల మీద సాధారణంగా చాయ్, భోజనం దొరుకుతాయి; అక్కడ కూడా అసలు సరుకు ఎదుట కనిపించే కట్టడమే. ఈ పైచూపు స్వభావాన్ని, తెలుగు సాహిత్య విమర్శకు దానితో ఉన్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఎత్తు వెనుక శాసనం

నగర దృశ్యం సహజంగా ఏర్పడినట్లు కనిపించినా, దాని రూపురేఖలను నిబంధనలు తీర్చాయి. 2006 నాటి 86వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు హైదరాబాదులో భవన ఎత్తును ప్రధానంగా ముందున్న రోడ్డు వెడల్పుతో ముడిపెట్టింది. విశాలమైన రోడ్లున్న పడమటి నగరం పైకి లేవడానికి, ఇరుకు గల్లీల పాతబస్తీ ఒదిగి ఉండడానికి ఇది ఒక కారణం. రెండవది పురాతన కట్టడాల చట్టానికి 2010లో జరిగిన సవరణ. దాని ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల మేర కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ ఇప్పటికీ తన పరిసరాలకు తలమానికంగా నిలవడంలో ఈ నిబంధనల పాత్ర ఉంది.

కాబట్టి మిద్దె మీది టేబుల్ దగ్గర కూర్చున్న సందర్శకుడు ఆస్వాదించే దృశ్యానికి చుట్టుపక్కల నివాసులు ఒక మూల్యం చెల్లిస్తున్నారు. పెరిగిన కుటుంబానికి ఇంకో అంతస్తు వేసుకోలేని, మరమ్మతుకు సైతం అనుమతి కోరవలసిన ఇళ్ల మీదుగానే ఆ చూపు మినార్ల వరకు సాగుతుంది.

చూపు సిద్ధాంతాలు – మిద్దె జీవితం

ఈఫిల్ టవర్‌పై 1964లో రాసిన వ్యాసంలో రోలాఁ బార్త్, ఆ గోపురం చూడబడే వస్తువుగానూ, ఎక్కిన వెంటనే చూసే చూపుగానూ మారుతుందని ప్రతిపాదించాడు. చార్మినార్‌కు కూడా ఈ రెండు ముఖాలున్నాయి. మెట్లెక్కి పై వసారాలో నిలిచినవారికి నాలుగు దిక్కులకు సాగే దారులు, ఉత్తరాన గుల్జార్ హౌజ్, నైరుతిన మక్కా మసీదు ఒక పటంలా అమరుతాయి. మిషెల్ ద సెర్తో 1980లో వెలువరించిన గ్రంథంలో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ 110వ అంతస్తు నుంచి చూసే చూపును, వీధిలో నడిచేవారి అనుభవాన్ని ఎదురెదురుగా నిలిపాడు. పైనున్నవాడు నగరాన్ని చదవగలనని భ్రమిస్తాడు. నడిచేవారు తాము చదవలేని పాఠాన్ని తమ అడుగులతో రాస్తుంటారు.

ఈ విభజన పాతబస్తీకి యథాతథంగా వర్తించదు. ఇక్కడి మిద్దె కేవలం చూపుకు ఏర్పడిన వేదిక కాదు, ఇంటిలో ఒక భాగం. వడియాలు ఎండేది, వేసవి రాత్రి పక్కలు పరిచేది, సంక్రాంతికి పతంగులు ఎగిరేది, రంజాన్ నెలవంక కోసం కళ్లు వెతికేది అక్కడే. ఒకే ఎత్తున ఉన్న మిద్దెల మధ్య చూపు రెండు వైపులా నడుస్తుంది. పిట్టగోడ ఆ చూపుకు హద్దు. పరదా పాటించే ఇళ్లలో ఆ గోడ ఎత్తుకు మరింత అర్థం ఉంది. ఎదుటివారు తిరిగి చూడగలరన్న ఎరుక నుంచి మిద్దెకు ఒక మర్యాద ఏర్పడింది. పొరుగు మిద్దెను రుసుముకు దొరికే దృశ్యంలో భాగం చేసినప్పుడు చెదిరేది ఈ మర్యాదే.

ఏకముఖమైన పైచూపుకు స్పష్టమైన ఉదాహరణ ఫలక్‌నుమా. పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో కొండ మీద మొదలుపెట్టిన ఈ మహల్ తర్వాత ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వశమైంది. 2010 నుంచి విలాసవంతమైన హోటల్‌గా నడుస్తున్నది. నింగికి అద్దమన్న అర్థమిచ్చే పేరు ప్రబంధ మేడలను గుర్తుకు తెస్తుంది. అయితే అక్కడి అతిథికి దిగువ బస్తీలు సాయంకాలపు దీపాల వరుస. ఆ దీపాల కిందివారికి కొండ మీది అతిథి కనిపించడు.

సాహిత్యంలో పైచూపు, లోచూపు

తెలుగు రచన సైతం పాతబస్తీని తరచు దూరం నుంచే చూసింది. కర్ఫ్యూ, బిర్యానీ, ముత్యాలు అన్న మూడు మాటల్లో ఆ ప్రాంతాన్ని ముగించే వర్ణన, మూసీకి ఇవతల నిలిచి రాసిన పైచూపే. దానికి భిన్నంగా నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్ కథలు' ఇంటి లోపలి నుంచి మాట్లాడతాయి. 1948 నాటి పరిణామాలను చిత్రించిన ఆయన 'యుగాంతం' కథకు బలం కూడా ఆ సామీప్యమే. పరవస్తు లోకేశ్వర్ నవల 'సలాం హైదరాబాద్'లో నగర చరిత్ర నడక వెంట విప్పుకుంటుంది.

పైచూపుకు అందనిదేమిటో లాడ్ బజార్ తెలుపుతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు లక్క గాజుల మెరుపు బజారులో కనిపిస్తుంది. లక్కను వేడి చేసి సాగదీసి, వలయంగా చుట్టి, అద్దపు తునకలు పొదిగే చేతులు మాత్రం కప్పు కింద, గదుల్లో ఉంటాయి. ఎంత ఎత్తు నుంచి చూసినా ఆ శ్రమ దృశ్యంలోకి రాదు.

ముగింపు

ఎత్తు నుంచి చూడడమే దోషమన్న నిర్ధారణ తొందరపాటు అవుతుంది. నెలవంక కోసం మిద్దె ఎక్కినవారిదీ పైచూపే. చూడబడేవారికి తిరిగి చూసే అవకాశం ఉన్నదా లేదా అన్నదే ఇక్కడ గీటురాయి. అదే ప్రశ్నను సాహిత్యానికీ వేయవచ్చు. పాతబస్తీ పాత్రలు కథకుడి వైపు తిరిగి చూస్తున్నాయా, లేక అతని వాక్యానికి నేపథ్య దీపాలుగా మిగులుతున్నాయా? పురవర్ణన అధ్యయనం ప్రబంధాల వద్ద ఆగక, ఈ ప్రశ్నతో ఆధునిక నగర రచనల వైపు సాగవలసి ఉంది. ఉర్దూ, తెలుగు కలిసి మసలే గల్లీలను చదవడానికి మేడ మెట్లు దిగిన విమర్శ అవసరం.