మంగతాయారమ్మ చెప్పిన వంశకథ - ‘గోపల్ల గ్రామం’పై ఒక పరిశీలన

తమిళనాట స్థిరపడిన తెలుగువారి చరిత్రను గురించి ప్రస్తావించినప్పుడల్లా మనం మధుర, తంజావూరు నాయకరాజుల ఆస్థానాలతో ప్రారంభించడం పరిపాటి. శాసనాలు, యక్షగానాలు, ద్విపద కావ్యాలు, మెకంజీ సేకరించిన కైఫీయతులు మనకు ఆధారాలు. ఇవన్నీ విలువైనవే. అయితే రాజాశ్రయం ఎరుగక, నల్లరేగడి నేలను నమ్ముకొని బతికిన రైతు కుటుంబాలు తమ పుట్టుపూర్వోత్తరాలను ఎక్కడ దాచుకొన్నాయి అన్న ప్రశ్నకు ఈ ఆధారాలలో సమాధానం దొరకదు. ఆ సమాధానం కొంతవరకు ఒక తమిళ నవలలో దొరుకుతుంది. కి. రాజనారాయణన్ 1976లో వెలువరించిన ‘గోపల్ల గ్రామం’ ఆ నవల. దాని కేంద్రంలో ఉన్నది ఒక పల్లెటూరి ముసలమ్మ.

రాజనారాయణన్ కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామస్థుడు. ఇంటి భాష తెలుగు, రాత భాష తమిళం. ఈ నవలకు కొనసాగింపుగా రాసిన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2021లో పుదుచ్చేరిలో కన్నుమూసే నాటికి తమిళ పాఠకలోకం ఆయనను కరిసల్ నేల కథకుల పెద్దదిక్కుగా గౌరవించింది. తెలుగు విమర్శకులు మాత్రం ఆయనను పరాయిభాషా రచయితగానే చూసి ఊరుకొన్నారని మా అభిప్రాయం.

నవలలో కోటవారి ఇంటికి పెద్ద మంగతాయారమ్మ. వయసు 137 ఏళ్లు. తమవాళ్లు తెలుగుదేశం విడిచి ఎందుకు వచ్చారో, దారిలో ఏమి జరిగిందో, అడవిని కాల్చి చదును చేసి ఊరు ఎలా కట్టుకొన్నారో మునిమనుమలకు చెప్పేది ఆమే. చెన్నాదేవి అనే అందగత్తెను ఒక తురక రాజు కోరడం, ఇంటిల్లిపాదీ రాత్రికి రాత్రి ఊరు విడవడం ఆమె కథకు మొదలు. ఇటువంటి కథ ఒక్క నవలాకారుడి కల్పన కాదు. 1909లో వెలువడిన థర్‌స్టన్ కులగ్రంథంలో తొట్టియర్ల గురించి ఇటువంటి ఐతిహ్యమే ఉన్నది. తుంగభద్ర ఉత్తరపు ఒడ్డు నుండి పారిపోయి వస్తుంటే ఏరు అడ్డుపడిందట. రెండు ఒడ్డులనుండి రెండు కానుగ చెట్లు వంగి వంతెనగా మారి, వీరు దాటగానే మళ్లీ నిటారుగా నిలిచాయట. అందుకే వారి పెళ్లిపందిళ్లకు కానుగకర్ర వాడతారని కూడా అందులో ఉన్నది. కాబట్టి మంగతాయారమ్మ నోట రచయిత పలికించినది దక్షిణాదికి వలసవచ్చిన పలు తెలుగు కులాల ఉమ్మడి జ్ఞాపకం.

ఆ 137 ఏళ్ల లెక్కను కొందరు అతిశయోక్తిగా కొట్టివేయవచ్చు. మాకు అది రచయిత తెలిసి వేసిన లెక్కగా తోస్తుంది. నవలాకాలం కంపెనీ పాలన పల్లెకు చేరే రోజుల వరకు సాగుతుంది. ఆ కాలంనుండి వెనక్కు లెక్కించి, వలసనాటి జ్ఞాపకాన్ని తెగకుండా అందించాలంటే మామూలు ఆయుర్దాయం చాలదు. వాస్తవంలో నలుగురైదుగురు అవ్వలు ఒకరినుండి ఒకరు అందుకొన్న కథను రచయిత ఒక్క మనిషిలో నిలిపాడు. ఆ వయసు ఒక స్త్రీది కాదు, ఒక పరంపరది అనుకొంటే చిక్కు విడిపోతుంది.

ఈ పరంపర స్త్రీలలోనే ఎందుకు నిలిచింది? రాసిన వంశావళిని చూడండి. తండ్రి పేరు, కొడుకు పేరు, వాని కొడుకు పేరు. కోడళ్లూ కూతుళ్లూ కనబడరు. భూమి హక్కుకో, పాళెం మీద అధికారానికో ఆ వరుస చాలు. పెళ్లికి చాలదు. మేనరికం పాటించే సమాజంలో ఎవరు ఎవరికి మేనత్త కూతురు, ఏ ఇంటిపేరుతో వియ్యం కుదురుతుంది, ఎక్కడ వరుస తప్పుతుంది అన్నది తెలియాలంటే తల్లి వైపు తెలియాలి. ఆ జ్ఞానం పుట్టింటినీ మెట్టినింటినీ రెంటినీ ఎరిగిన ఆడవారి దగ్గరే ఉంటుంది. తమిళనాట ఈ అవసరం మరింత ఎక్కువ. అక్కడ చాలామందికి కాగితాలమీద ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఉంటుంది. బడి రిజిస్టరు మరచిన ఇంటిపేరును గుర్తుంచుకొన్నది వంటింటి అరుగుమీది అవ్వ.

మన సాహిత్యచరిత్రలో చరిత్ర చెప్పిన స్త్రీలు లేకపోలేదు. 14వ శతాబ్దంలో గంగాదేవి తన భర్త కంపరాయల మధుర దండయాత్రను ‘మధురావిజయం’గా చెప్పింది. 17వ శతాబ్దంలో తంజావూరులో రామభద్రాంబ ‘రఘునాథాభ్యుదయం’ రచించింది. ఇద్దరూ సంస్కృతంలో రాశారు, ఇద్దరికీ వస్తువు రాజు. మంగతాయారమ్మకు చదువు, ఆస్థానం అక్కర్లేదు. ఆమె కథలో రాజు తరిమేవాడు, ఇల్లు నాయిక. ఈ తేడాను మన పాఠ్యక్రమాలలో ఎక్కడా చర్చించినట్లు మాకు కనబడలేదు.

అయితే నవలను ప్రశంసించి ఊరుకోవడం విమర్శ కాదు. రెండు విషయాలలో మాకు అసంతృప్తి ఉన్నది. మొదటిది: వలసకు కారణాన్ని ఒక స్త్రీ అందం మీద, ఒక తురక రాజు మోహం మీద మోపే కథను నవల ఎక్కడా ప్రశ్నించదు. చరిత్ర ఇంత సులువైనది కాదు. విజయనగర సైన్యాలతోపాటు వచ్చినవారు, 16వ శతాబ్దంలో మధుర నాయకరాజ్యం ఏర్పడి పాళెగాళ్ల వ్యవస్థ కుదిరిన తరువాత వచ్చినవారు, మెట్టసేద్యానికి అనువైన నల్లరేగడిని వెదుక్కొంటూ వచ్చినవారు ఎందరో ఉన్నారు. భయంతో వచ్చామని చెప్పుకొనే కథ, అధికారంతో వచ్చిన సంగతిని కప్పివేస్తుంది. అవ్వ అలా చెప్పడం సహజం. రచయిత ఆమె పక్కన మరొక గొంతును నిలిపి ఉండవలసింది.

రెండవది అడవి సంగతి. కాల్చి చదును చేసిన ఆ నేలమీద అంతకుముందు పశువులు మేపుకొన్నవారు, వేటాడుకొన్నవారు ఎవరు? వంశకథ మన పూర్వులను మాత్రమే లెక్కిస్తుంది. అది ఆ ప్రక్రియకు ఉన్న పరిమితి. ఒక ఇంటి జ్ఞాపకాన్ని ఒక ఊరి చరిత్రగా చదివేటప్పుడు పాఠకుడు ఈ జాగ్రత్త తీసుకోవలసి ఉంటుంది. స్త్రీ చెప్పినంత మాత్రాన వంశగర్వం వంశగర్వం కాకుండా పోదు.

ఈ లోపాలు నవల విలువను తగ్గించేవి కావు. పైగా అవ్వల మాటను ఎలా వినాలో మనకు నేర్పుతాయి. ఇక్కడే భాష ప్రశ్న ఎదురవుతుంది. మంగతాయారమ్మ తన ఇంట తెలుగులో చెప్పి ఉండవలసిన కథ మనకు తమిళంలో అందింది. మాట్లాడే తెలుగుకు రాసే అలవాటు తోడు కాకపోతే జరిగేది ఇదే. 2006లో తమిళనాడు ప్రభుత్వం పాఠశాలలలో తమిళాన్ని నిర్బంధం చేస్తూ చట్టం తెచ్చిన తరువాత తెలుగు చదివే పిల్లల సంఖ్య గురించి సభలు జరిగాయి, తీర్మానాలు వచ్చాయి. అవి అవసరమే. కాని బడిలో తెలుగు ఉన్న రోజులలో కూడా మన ఇళ్లలోని వంశకథలను మనం తెలుగులో రాసుకోలేదు. ఆ పని ఒక రైతు తమిళంలో చేసిపెట్టాడు. తెలుగువారు ఆయనకు ఋణపడి ఉన్నారనడానికి సంకోచించనక్కరలేదు.

తెలుగు శాఖలలోని పరిశోధక విద్యార్థులకు మా సూచన ఒక్కటే. కోవిల్‌పట్టి, శాత్తూరు, తేని ప్రాంతాలకు వెళ్లినప్పుడు కులసంఘాల వద్ద అచ్చువేసిన వంశవృక్షాలతో తృప్తిపడి తిరిగి రావద్దు. ఇంటిలోపల కూర్చున్న ముసలమ్మను అడగండి. తాతల పేర్లకన్నా ముందు ఆమె తల్లి పేరు, తల్లి పుట్టిన ఊరు, ఆ తల్లి తల్లి ఏ ఇంటి ఆడపడుచో అడగండి. ఆమె తమిళ యాసతో పలికిన తెలుగును దిద్దకుండా, ఉన్నదున్నట్లు రాసుకోండి. కథ పొంతన కుదరని చోట కుదర్చవద్దు, ఎక్కడ కుదరలేదో గుర్తుపెట్టండి. మంగతాయారమ్మకు నవలలో 137 ఏళ్లు ఇచ్చాడు రచయిత. మన ఊళ్లలోని అవ్వలకు అంత వ్యవధి లేదు.